డిశ్చార్జి తరవాత అసలు వైద్యం

చెయ్యికి ఏ జబ్బూ లేదమ్మలూ. ఎముక బాగుంది, కండ బాగుంది, నెత్తురూ ఆడుతోంది. తలలో ఎడమవైపున ఆ చేతిని నడిపించే చోటు ఒకటుంది. అక్కడికి నెత్తురు అందక కొన్ని నాడీకణాలు పోయాయి. అందుకని చేతికి పైనుంచి కబురు రావడం లేదు. “దర్జీ తాత చెయ్యి చచ్చిపోయిందా తాతయ్యా?” అని నిన్న మెట్ల మీద అడిగావే, దానికి ఇది సగం జవాబు. మిగతా సగం చెప్పాలంటే కాసేపు కూర్చోవాలి. మీ అమ్మని కూడా రమ్మను. ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతివాళ్ళూ వినాల్సిన సంగతులివి.

దర్జీ భాయిది మన ఎర్రగడ్డ రైతుబజారు వెనక సందు. కొలతలు కాగితం మీద రాసుకోగా నేనెప్పుడూ చూళ్ళేదు, అన్నీ బుర్రలోనే. కృష్ణానగర్ నుంచి సినిమా కాస్ట్యూమ్ వాళ్ళు పొద్దుగూకే వేళకి తానులు పడేసి వెళ్ళేవాళ్ళు, తెల్లారేసరికి కానిస్టేబుల్ యూనిఫారాలు మూటలు కట్టుకుని ఫిల్మ్‌నగర్ పట్టుకుపోయేవాళ్ళు. హీరో వెనక గుంపుగా గంతులేసేవాళ్ళ చొక్కాల్లో ఆయన కుట్టినవి బోలెడు. అలాంటి మనిషి చేతిలోంచి ఓ పొద్దున కత్తెర జారిపోయింది. మూతి ఓ పక్కకి లాగేసింది, మాట ముద్దగా వచ్చింది. పక్షవాతం. కొడుకు చురుకైనవాడు. కాసేపు పడుకోబెట్టి చూద్దాం అనుకోకుండా గంటలోగా ఆసుపత్రికి చేర్చాడు.

అదే ఆయన్ని బతికించింది. మెదడు బరువు ఒంటి బరువులో నూటికి రెండు పాళ్ళే గానీ, మనం పీల్చే ప్రాణవాయువులో ఐదో వంతు అదే వాడుకుంటుంది. నెత్తురు ఆగితే కాసేపు కూడా ఓర్చుకోలేదు. పెద్ద నాళం ఒకటి మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే అమెరికా వైద్యుడు లెక్కకట్టాడు. నాళాన్ని మూసేసిన నెత్తురు గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల పడాలి. పెద్ద నాళంలో గడ్డ ఉన్న కొందరికి తీగ పంపి దాన్ని లాగేసే వైద్యం 24 గంటల దాకా కూడా చేస్తున్నారు. మూతి, చెయ్యి, మాట, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నట్టుండి తేడా వచ్చినా 108కి ఫోన్ కొట్టడమే. ఇదంతా అందరూ చెప్పేదే, ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. నేను చెప్పాలనుకున్నది ఆ తరవాతి కథ.

తరవాత ఏమయింది? పదో రోజుకి డిశ్చార్జి. బిళ్ళల సంచీ, స్కానింగ్ ఫిల్ములు, “ఫిజియోథెరపీ చేయించండి” అని చీటీ మీద ఒక్క ముక్క. మంచం హాల్లోకి వచ్చింది. కుట్టుమిషను గోడవారకి జరిగింది.

మన ఎర్రగడ్డ చూడు, నెలల తరబడి సాగే వైద్యాలకు పాత చిరునామా. ఛాతీ ఆసుపత్రి ఇక్కడే, మానసిక చికిత్సాలయం ఇక్కడే, రోడ్డు దాటి కాస్త నడిస్తే సనత్‌నగర్ ఇఎస్ఐ దవాఖానా. క్షయకు సరైన మందులు లేని రోజుల్లో వికారాబాద్ పక్కన అనంతగిరి కొండ మీద శానిటోరియం పెట్టారు. రోగులు నెలలకు నెలలు అక్కడే ఉండి కోలుకునేవాళ్ళు. కొన్ని జబ్బులు తగ్గడానికి కాలం పడుతుందనీ, ఆ కాలం గడపడానికి ఒక చోటు కావాలనీ ఆనాటివాళ్ళు గ్రహించారు. పక్షవాతానికీ అంత కాలమూ పడుతుంది. చోటు మాత్రం లేదు. ప్రాణం కాపాడే పడక ఉంది, ఇంట్లో మంచం ఉంది, రెండింటికీ మధ్య ఉండాల్సింది లేదు. కొన్ని దేశాల్లో ఆసుపత్రి నుంచి నేరుగా రీహాబ్ వార్డుకి, అంటే కోలుకునేవాళ్ళ వార్డుకి మారుస్తారు. కాస్త తేలిక జబ్బయితే ఫిజియో, మాట నేర్పేవాళ్ళు, నర్సు కలిసి ఇంటికే వస్తారు. మన నగరంలోనూ ఈమధ్య ప్రైవేటు రీహాబ్ సెంటర్లు వచ్చాయి. కానీ రోజువారీ ఖర్చు దర్జీ భాయి లాంటివాళ్ళు మోసేది కాదు. పంజగుట్ట నిమ్స్‌లో ఫిజియోథెరపీ ఉంది, మంచి మనుషులున్నారు. వారానికి మూడుసార్లు మనిషిని మెట్లు దింపి, ఆటో ఎక్కించి, ఎర్రగడ్డ చౌరస్తా ట్రాఫిక్‌లో తీసుకెళ్ళి తీసుకురావడానికి కొడుకు పని మానుకోవాలి. ఆ ఇల్లు ఇప్పుడు గడిచేది కొడుకు సంపాదన మీదే.

సరే, మెదడు సంగతికి వద్దాం. మొదటి కొన్ని వారాల్లో కొంత కదలిక దానంతట అదే వస్తుంది. నెత్తురు పూర్తిగా ఆగిన చోట కణాలు చచ్చిపోతాయి. దాని చుట్టూ కొంత మేర చావవు, పని మానేసి ఊరుకుంటాయి. వాపు తగ్గి, పక్క నాళాల నుంచి నెత్తురు అందాక అవి తేరుకుంటాయి. దెబ్బ తగిలిన చోటుతో సంబంధం ఉన్న దూరపు భాగాలు కూడా కొన్నాళ్ళు స్తంభించిపోతాయని 1914లోనే ఫాన్ మొనాకోవ్ అనే నాడీవైద్యుడు రాశాడు. అవీ మెల్లగా లేస్తాయి.

నాటుమందుల పేరు నిలబడుతున్నది ఇక్కడే. పక్షవాతానికి మందిస్తారని పేరుపడ్డ ఊళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పావురం నెత్తురు రుద్దేవాళ్ళూ ఉన్నారు. జబ్బు చేసిన పదిహేను రోజులకి అక్కడికి తీసుకెళ్తారు, ఇంకో నెలకి కాలు కదుల్తుంది, మందు పనిచేసిందంటారు. ఆ మందు లేకపోయినా ఆ కాలు కదిలేదే. పోనీ, నమ్మకం కదా అని ఊరుకుందామంటే ఊరుకోలేను. పథ్యం పేరు చెప్పి బీపీ బిళ్ళలు, నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చే బిళ్ళలు ఆపేయమనేవాళ్ళున్నారు. ఆ రెండూ ఆపితే రెండోసారి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. పైగా మొదటి మూడు నెలలు పడక మీదే గడిచిపోతాయి. ఆ మూడు నెలలు మళ్ళీ దొరకవమ్మా. దెబ్బ చుట్టూ బతికి ఉన్న కణాలు కొత్త కొమ్మలు వేసేదీ, కొత్త అతుకులు కట్టుకునేదీ ఎక్కువగా అప్పుడే. తరవాత ఆ వేగం తగ్గుతుంది గానీ ఆగిపోదు. “ఆర్నెల్లు దాటింది, ఇక వచ్చేది రాదు” అని ఎవరైనా అంటే నమ్మకు.

పోయిన కణాలు తిరిగి రావు, మరి వాటి పని ఎవరు చేస్తారు? సురభి నాటకాలవాళ్ళు తెలుసుగా. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబాలు, ఇప్పుడు మన శేరిలింగంపల్లిలో ఉంటున్నారు. ఇంటిల్లిపాదీ నటులే. కృష్ణుడి వేషగాడు మంచాన పడ్డాడనుకో, ఆట ఆగదు. రోజూ తెర పక్కన నిలబడి పద్యాలు వింటున్న తమ్ముడో మేనల్లుడో కిరీటం పెట్టుకుంటాడు. తొలిరోజు పద్యం తడబడుతుంది, అడుగు తప్పుతుంది. నెల ఆడితే ఆ పాత్ర వాడిదైపోతుంది. మెదడులో కూడా పక్కనున్న కణాలకి ఆ పని కాస్తో కూస్తో తెలిసే ఉంటుంది. వేషం కట్టించి తెర ముందుకి తోస్తేనే వాటికి వస్తుంది. తోయకపోతే ఆ కాస్త తెలిసినదీ మరిచిపోతాయి.

మరిచిపోతాయి అన్నది నా ఊహ కాదు. రాండల్ నూడో అని అమెరికా శాస్త్రవేత్త ఉన్నాడు. 1996లో ఆయన బృందం చిన్న కోతుల మీద చేసిన పరీక్ష ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. మెదడులో చేతివేళ్ళని నడిపే చోట చిన్న మచ్చంత దెబ్బ తగిలితే, శిక్షణ ఇవ్వని కోతుల్లో ఆ దెబ్బ పక్కన క్షేమంగా ఉన్న వేళ్ళ భాగం కూడా కుంచించుకుపోయింది. మోచెయ్యి, భుజాల భాగాలు దాన్ని ఆక్రమించాయి. చిన్న గుంటల్లోంచి తిండి గుళికలు ఏరుకునే పని ఆ చేతితోనే రోజూ చేయించిన కోతుల్లో ఆ భాగం నిలబడింది, కొన్నిట్లో పక్క స్థలంలోకి కూడా పాకింది. అంటే జబ్బు చేసిన నష్టం ఒకటి, ఆ తరవాత చెయ్యి వాడకపోవడం వల్ల జరిగే నష్టం ఇంకొకటి. మొదటిది డాక్టర్ల చేతిలో ఉంది. రెండోది మన ఇళ్ళల్లో, మనం చూస్తుండగానే జరుగుతుంది.

ఎడ్వర్డ్ టాబ్ అని ఇంకొకాయన ఇదే సంగతిని వేరే కొస నుంచి పట్టుకున్నాడు. పాడైన చెయ్యి మొదట్లో నిజంగానే కదలదు. నాలుగుసార్లు ప్రయత్నించి విఫలమైన మనిషి బాగున్న చేతితో పని కానిచ్చేస్తాడు. కొన్నాళ్ళకి పాడైన చేతిలో కదిలే శక్తి వచ్చినా, అడగడం మానేశాడు కాబట్టి అది కదలదు. టాబ్ ఏం చేశాడంటే, బాగున్న చేతికే తొడుగు వేసి కట్టేశాడు! గత్యంతరం లేక పాడైన చెయ్యే పనిచేయాలి. 2006లో వచ్చిన ఎక్సైట్ అనే పరిశీలనలో 222 మంది రోగుల మీద దీన్ని పరీక్షించారు. జబ్బు వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవాళ్ళు వాళ్ళు. రెండు వారాల పాటు మెలకువగా ఉన్నంతసేపూ దాదాపు తొడుగే, మధ్యలో గంటల తరబడి సాధన. ఏడాది తరవాత చూసినా ఆ చేతి వాడకం మామూలు వైద్యం అందినవాళ్ళ కంటే మెరుగ్గా ఉంది. మణికట్టూ వేళ్ళూ కొంచెమైనా కదిలేవాళ్ళకే ఇది పనికొస్తుంది, అందరికీ కాదు. డాక్టర్ని అడక్కుండా ఎవరి చెయ్యీ కట్టేయకూడదు.

పోయిన వారం నేను భాయి ఇంటికి వెళ్ళేసరికి ఆయన భార్య, మన చెల్లెమ్మ, ఇడ్లీ తుంచి ఆయన నోట్లో పెడుతోంది. నీళ్ళగ్లాసు తనే ఎత్తి పట్టింది. చొక్కా తనే తొడిగి బొత్తాలు తనే పెట్టింది. ఆయన కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది, ఎడమచెయ్యి పక్కన పడి ఉంది. ఆ ఇల్లాలి కంటే ప్రేమగా చూసుకునేవాళ్ళు ఉండరు. ఎందుకమ్మా ఆయన చేత చేయించవు అంటే, “చూళ్ళేను మాస్టారూ, పది నిమిషాలు తంటాలు పడతారు, మెతుకులన్నీ మీద పోసుకుంటారు” అంది. పోసుకోనీ తల్లీ. ఆ తంటాలే వైద్యం. నువ్వు తినిపించిన ముద్దతో కడుపు నిండుతుంది. ఆయన తిన్న ముద్దతో కడుపుతో పాటు చెయ్యీ కోలుకుంటుంది.

వారానికోసారి వచ్చే ఫిజియో అమ్మాయి అప్పుడే వచ్చింది. చిన్నపిల్లే గానీ గట్టిది. దుకాణంలో బొత్తాల డబ్బా ఉందా అని అడిగింది. పాత డాల్డా డబ్బా తెచ్చి పళ్ళెంలో వంపారు. కోటు బొత్తాలు, చొక్కా బొత్తాలు, పోలీసు యూనిఫారం ఇత్తడి బొత్తాలు, గలగలా. భాయి కళ్ళు మారిపోయాయి. ముందు పెద్ద కోటు బొత్తాం. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి రావడానికి చెయ్యంతా వణికింది. భుజం చెవి దాకా లేచింది, నడుం పక్కకి ఒరిగింది. “భుజం దించండి తాతా, వేళ్ళు ఒక్కటే” అని ఆ పిల్ల భుజం మీద అరచెయ్యి ఆనించింది. బొత్తాం జారి పళ్ళెంలో గిరగిరా తిరిగింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. ఆరో ఏడో సారి అంచు దొరికింది. ఎత్తి గిన్నెలో వేశాడు, టింగుమంది. రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంటే ఆ మనిషి విసుక్కునేవాడట. బొత్తాలు ఇస్తే సాయంత్రం దాకా వదల్లేదు.

ఎన్నిసార్లు చేయాలి? అమెరికాలో కేథరీన్ లాంగ్ బృందం ఫిజియో గదుల్లో కూర్చుని లెక్కపెట్టి 2009లో ప్రచురించింది. ఒక్కో విడతలో చేతితో చేయించే ఉపయోగమైన కదలికలు సగటున 32 మాత్రమే. జంతువుల మీద పరీక్షల్లో మెదడు మారడానికి రోజుకి వందల సార్లు చేయించారు. అంత తేడా! వారానికోసారి వచ్చే ఫిజియో ఎంత మంచిదైనా మిగతా ఆరురోజులు ఆ వందలు ఎక్కడ నుంచి రావాలి? చిక్కుడుకాయలు ఒలవడం, బట్టలు మడతపెట్టడం, తలుపు గడియ తీయడం, పళ్ళు తోముకోవడం, వీటిల్లోంచే రావాలి. అలాగని మొదటి రోజు నుంచే తోమేయకూడదు. 2015లో అవర్ట్ అనే పెద్ద పరీక్ష జరిగింది, ఐదు దేశాల్లో 2104 మంది రోగులు. 24 గంటల లోపే లేపి ఎక్కువెక్కువగా నడిపించినవాళ్ళలో ఫలితం కాస్త తగ్గిందే గానీ పెరగలేదు. ఎప్పుడు మొదలెట్టాలో, ఎంత చేయించాలో చెప్పడానికి నేర్చినవాళ్ళు ఉండాల్సిందే.

పెద్రో బాక్-ఇ-రీటా కథ నాకు చాలా ఇష్టం. న్యూయార్క్‌లో కాలేజీ ప్రొఫెసరు, కవి కూడా. 1959లో 65 ఏళ్ళ వయసులో పక్షవాతం వచ్చి మాటా చెయ్యీ కాలూ పోయాయి. ఆసుపత్రి వైద్యం నాలుగు వారాలు జరిగింది, ఫలితం లేదు. వైద్యం చదువుతున్న కొడుకు జార్జ్ మెక్సికోలోని తన ఇంటికి తీసుకెళ్ళాడు. అతనికి రీహాబ్ పద్ధతులేవీ తెలియవు. నడక రాదు కాబట్టి ముందు పాకడం నేర్పాడు. పెద్దాయన్ని నేల మీద పాకిస్తావా అని ఇరుగుపొరుగు తిట్టిపోశారు. గోళీలు ఆడించాడు, గిన్నెలు తోమించాడు. పాడైన చెయ్యి గిన్నె చుట్టూ పావుగంట ఒకవైపు, పావుగంట ఇంకోవైపు. ఆయన మళ్ళీ కాలేజీలో పాఠాలు చెప్పాడు, మళ్ళీ పెళ్ళాడాడు, చివరికి కొలంబియాలో కొండ ఎక్కుతూ గుండెపోటుతో పోయాడు. తరవాత మెదడుని కోసి చూస్తే పక్షవాతం చేసిన గాయం అలాగే ఉంది, ఏమాత్రం మానలేదు! అంత గాయంతోనే ఆయన నడిచాడు, మాట్లాడాడు, కొండలెక్కాడు. ఇంకో కొడుకు పాల్ ఆ మెదడు ఫోటోలు చూశాక తన శేషజీవితాన్ని ఈ పరిశోధనకే ఇచ్చేశాడు. అందరికీ అలా జరుగుతుందని చెప్పను. గాయం చూసి మనిషి ఎంతవరకు కోలుకుంటాడో తేల్చేయకూడదని మాత్రం చెప్తాను.

ఇక మాట. చాలామందికి మాటని నడిపే చోటు ఎడమ మెదడులోనే ఉంటుంది. కుడిచెయ్యిని నడిపేదీ ఎడమ మెదడే, ఎందుకంటే కిందికి దిగే నరాల్లో ఎక్కువభాగం మెడకి కాస్త పైన అటువి ఇటూ ఇటువి అటూ దాటతాయి. అందుకే కుడిపక్క పడిపోయినవాళ్ళకి మాట కూడా పోవడం ఎక్కువ. భాయికి మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది దొరకదు. ఎన్ని బొత్తాలు తీశారు భాయీ అని అడిగాను. నోరు తెరిచి వెతుక్కున్నాడు, దొరకలేదు, కళ్ళనీళ్ళు తిరిగాయి. ఫిజియో అమ్మాయి మెల్లగా “ఏక్...” అంది. అంతే, “దో, తీన్, చార్, పాంచ్, ఛే, సాత్” అని గడగడా వచ్చి ఏడు దగ్గర ఆగాడు. విడిగా ఏడు దొరకలేదు, వరసలో దొరికింది. చిన్నప్పటి నుంచి నోటికి పట్టిన వరసలు, నమాజు మాటలు, తిట్లు, పాటలు, వీటిలో మెదడు కుడివైపు సాయం కూడా ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. మాటలు రానివాళ్ళు పాట పాడగలగడం అందుకే. ఆ పాట ఆసరాతోనే మాటని రప్పించే వైద్యాన్ని 1973లో అమెరికాలో మొదలెట్టారు. పాత సినిమా పాటల రేడియో ఆయన పక్కన పెట్టమని చెల్లెమ్మకి చెప్పాను. విని ఊరుకోడానికి కాదు, కూడా పాడ్డానికి.

ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు, షూటింగ్ వాళ్ళతో హిందీ. ఇన్ని భాషలు భాయికి బరువయ్యాయేమో అని కొడుకు అడిగాడు. దీనికి జవాబు మన హైదరాబాదులోనే దొరికింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, డాక్టర్ సుభాష్ కౌల్, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ కలిసి, 2006 నుంచి 2013 దాకా నిమ్స్‌కి వచ్చిన 608 మంది పక్షవాతం రోగుల్ని పరిశీలించారు. 2015 చివర్లో ‘స్ట్రోక్’ పత్రికలో వచ్చింది. రెండు లేక అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో 40.5 శాతం మందికి జబ్బు తరవాత ఆలోచన, జ్ఞాపకం మామూలుగానే ఉన్నాయి. ఒక్క భాష మాట్లాడేవాళ్ళలో 19.6 శాతం మందికే. చదువు, వయసు, బీపీ లాంటి తేడాలు లెక్కలోకి తీసుకున్నా ఇదే వచ్చింది. మాట పోవడం విషయంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. ఒక భాష మాట్లాడుతూ ఇంకోదాన్ని ఆపి ఉంచడం, మనిషిని బట్టి మార్చుకోవడం, ఇదంతా మెదడుకి రోజువారీ కసరత్తని వాళ్ళ ఆలోచన. ఇలాంటి పరీక్షకి మన ఊరి కంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? రైతుబజారులో కూర బేరం రెండు భాషల్లో మొదలై మూడో భాషలో తెగుతుంది. అందుకని భాయితో ఏ భాష ముందు వస్తే ఆ భాషలోనే మాట్లాడండి, కలిపేసినా పర్లేదు అన్నాను.

ఇంకో విషయం. పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి దిగులు జబ్బు పట్టుకుంటుంది. దానికి బిళ్ళలున్నాయి, పనిచేస్తాయి. మొండికేస్తున్నాడు, ప్రయత్నించడం లేదు అని కోప్పడేముందు అది దిగులేమో డాక్టర్ని అడగాలి. కొందరు ఏమీ లేకుండానే భోరున ఏడుస్తారు, నవ్వు ఆపుకోలేరు. అది మనసులో బాధ కాకపోవచ్చు, నవ్వూ ఏడుపుల మీద మెదడు పట్టు సడలడం. కుడి మెదడు దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఎడమవైపు లోకమే ఉండదు. కంట్లో లోపం లేకపోయినా పళ్ళెంలో కుడి సగం తిని ఎడమ సగం వదిలేస్తారు, ఇంకా పెట్టమంటారు. పళ్ళెం తిప్పి పెడితే, అరే ఇంకా ఉందే అని ఆశ్చర్యపోతారు. అలాంటివాళ్ళతో ఎడమవైపు నుంచి పలకరిస్తూ ఉంటే మెల్లగా అటు తిరగడం అలవాటవుతుంది.

చంకల్లో చేతులు వేసి గానీ, పాడైన చెయ్యి పట్టుకుని గానీ ఎప్పుడూ లేపకూడదు. బిగువు లేని భుజం కీలు జారిపోతుంది, ఆ నొప్పితో ఆ చెయ్యి మళ్ళీ ముట్టుకోనివ్వరు. పడుకోబెట్టి ఏదీ తాగించకూడదు. మింగే కండరాలు సరిగా లేక నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టే తాగించాలి, నీళ్ళకి దగ్గొస్తుంటే చిక్కగా ఉన్న జావ నయం. కదల్లేనివాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుం కిందా మడమల మీదా పుండ్లు పడతాయి. ఇవన్నీ డిశ్చార్జి రోజున నర్సమ్మ పక్కన నిలబెట్టి చేయించి చూపించాల్సినవి. చీటీలో రాస్తే వచ్చేవి కావు.

మరి ఇంట్లోవాళ్ళకే అంతా నేర్పేస్తే సరిపోదా? ఆ ప్రశ్న మన దేశంలోనే వేశారు. అటెండ్ అనే పరిశీలనలో 14 ఆసుపత్రుల నుంచి 1250 మంది రోగుల్ని తీసుకుని, సగం మంది ఇళ్ళవాళ్ళకి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చారు. 2017లో ‘లాన్సెట్’లో ఫలితం వచ్చింది. ఆరు నెలలకి చూస్తే రెండు గుంపుల్లోనూ 47 శాతం మంది పోవడమో, ఇంకొకరి మీద ఆధారపడి ఉండటమో జరిగింది. తేడా లేదు. ఇది చదివి ఇంట్లోవాళ్ళ శ్రమ వృథా అనుకోకూడదు. నేర్చిన బృందం చేయాల్సిన పనిని కుటుంబం నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటే చాలదని దాని అర్థం. నర్సు, ఫిజియో, మాట నేర్పేవాళ్ళు ఒక్క వార్డులో కలిసి పనిచేస్తే ఎక్కువమంది బతుకుతారనీ, ఎక్కువమంది తమ కాళ్ళ మీద నిలబడి ఇంటికెళ్తారనీ ఎన్నో దేశాల్లో మళ్ళీ మళ్ళీ రుజువైంది. ఛాతీ ఆసుపత్రి ఆవరణలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది కదా, ఆ వెయ్యిలో ఒక యాభై పడకలు పక్షవాతం నుంచి కోలుకునేవాళ్ళ కోసం, నెలా రెండు నెలలు ఉండనిచ్చేలా అట్టేపెట్టాలని నా కోరిక. ఎర్రగడ్డ, బోరబండ, సనత్‌నగర్, కృష్ణానగర్, ఇక్కడ ఉన్నదంతా చేతుల మీద బతికేవాళ్ళు. లైట్‌మెన్లు, వడ్రంగులు, దర్జీలు, మేకప్ వాళ్ళు. చెయ్యి తిరిగి వస్తే ఆ ఇల్లు నిలబడుతుంది. ఈ మాట కనిపించిన ప్రతి నాయకుడికీ చెప్తున్నాను, చెప్తూనే ఉంటాను.

డబ్బు సంగతి కూడా చూడాలి. సదరం శిబిరంలో డాక్టర్లు పరీక్షించి వైకల్యం శాతం రాసిస్తారు, ముందుగా స్లాట్ తీసుకోవాలి. అది ఉంటే తెలంగాణలో వికలాంగుల పింఛను నెలకి 4016 రూపాయలు, 2023 జూలై నుంచి. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి 2024 జూలై నుంచి నెలకి 15,000 ఇస్తున్నారు. మనిషిని చూసుకోడానికి ఇంట్లో ఒకరు పని మానేస్తారు కాబట్టి ఆ మొత్తమే న్యాయమనిపిస్తుంది నాకు.

ఇక పనులు పంచుకుందాం. సదరం కాగితాలు మీ నాన్న చూస్తాడు. బాత్రూములో పట్టుకోడానికి కమ్మీ, కూర్చోడానికి కమోడ్ కుర్చీ నేను మాట్లాడాను, శనివారం బిగిస్తారు. మీ అమ్మ పొద్దున బీపీ చూసి పుస్తకంలో రాసి రావాలి, ఉప్పు విషయంలో చెల్లెమ్మకి గట్టిగా చెప్పాలి, ఊరగాయ దగ్గర ఆవిడ మనసు కరిగిపోతుంది. బడి నుంచి వచ్చాక ఒక గంట నీది. ఆ గంట చెల్లెమ్మ ఇంట్లోంచి బయటికి రావాలి, రైతుబజారుకి పోతుందో, అక్క ఇంటికి పోతుందో ఆవిడ ఇష్టం. నువ్వు చేయాల్సింది బొత్తాలు రంగుల వారీగా ఏరించడం. భాయి మాట కోసం వెతుక్కుంటుంటే నువ్వు అందించెయ్యకు. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టు. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం చెప్పు. తెలుగు కాకపోతే ఉర్దూలో చెప్పు, నీకు రాకపోతే ఆయన్నే నేర్పమను.